దిద్దడం, దిద్దించడం, దిద్దుకోవడం: అభ్యసనంలో పరిపుష్టి స్వరూపం, వినియోగం

వ్యాససంగ్రహం

విద్యార్థి రాతపై ఉపాధ్యాయుడు రాసే వ్యాఖ్య, పరిశోధకుని వ్యాసంపై సమీక్షకుడు పంపే సూచన, శిక్షణలో ఉన్న ఉపాధ్యాయుని పాఠంపై పర్యవేక్షకుడు చెప్పే మాట – ఇవన్నీ పరిపుష్టి రూపాలే. వ్యాఖ్య అందినంత మాత్రాన పని మెరుగుపడదనీ, కొన్ని సందర్భాలలో దెబ్బతింటుందనీ మనోవిజ్ఞాన, విద్యాశాస్త్ర పరిశోధనలు చూపాయి. పరిపుష్టి ఎప్పుడు ఫలిస్తుంది, ఎప్పుడు వికటిస్తుంది, అందుకున్నవారు దానిని ఎలా వినియోగించుకోవాలి అనే విషయాలను తెలుగు తరగతి గదిలోని రాతపని ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పరిపుష్టి, దిద్దుబాటు, నిర్మాణాత్మక మూల్యాంకనం, సూక్ష్మబోధన, రాతపని, సమీక్ష.

1. ప్రవేశిక

తెలుగులో ‘దిద్దు’ అనే క్రియకు రెండు భిన్నమైన వాడుకలున్నాయి. పలక మీద పంతులుగారు రాసిచ్చిన అక్షరంపై పిల్లవాడు మళ్లీ మళ్లీ బలపం తిప్పడం ‘ఓనమాలు దిద్దడం’. పరీక్ష రాసిన పిల్లవాని జవాబుపత్రంలో ఉపాధ్యాయుడు తప్పులు గుర్తించి మార్కులు వేయడం ‘పేపర్లు దిద్దడం’. క్రియ ఒకటే; కర్త మారిపోయాడు. మొదటి దిద్దుడులో చేయి కదిపేది నేర్చుకునేవాడు. రెండోదానిలో నేర్చుకునేవాని చేయి కదలదు, నేర్పేవారి ఎర్రసిరా కలం మాత్రమే కదులుతుంది.

అక్షరాభ్యాసంనాడు పెద్దలు శిశువు చేయి పట్టుకొని బియ్యంలో అక్షరాలు రాయిస్తారు. అది ‘దిద్దించడం’. వ్యాకరణపరంగా ప్రేరణార్థకం. కొంతకాలానికి పట్టుకున్న చేయి వదిలేస్తారు. పిల్లవాడు తన రాతను తానే చూసుకొని వంకర సవరించుకుంటాడు. అది ‘దిద్దుకోవడం’, ఆత్మార్థకం. అభ్యసనంలో పరిపుష్టిని గురించి గత తొంభై ఏళ్లుగా జరిగిన చర్చ సారాంశం ఈ మూడు క్రియారూపాలలో ఇమిడి ఉంది. బడిలో, కళాశాలలో, కార్యాలయంలో జరుగుతున్నది అధికభాగం మొదటిది. ఫలితం ఆశిస్తున్నది మూడోదాని నుండి. మధ్యలో ఉండవలసిన ‘దిద్దించడం’ ఎక్కడ జారిపోతున్నదన్నదే ఈ వ్యాసం ప్రధానంగా పరిశీలించే అంశం.

2. పదం, భావన

‘ఫీడ్‌బ్యాక్’ విద్యారంగంలో పుట్టిన మాట కాదు, యంత్రశాస్త్రం నుండి వచ్చింది. ఆ పేరు పుట్టకముందే భావన పనిచేసింది. 18వ శతాబ్ది చివర జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రానికి అమర్చిన గవర్నరులో యంత్రవేగం పెరిగితే తిరిగే గుండ్లు దూరం జరిగి ఆవిరిద్వారాన్ని కొంత మూసేవి. వేగం తగ్గితే గుండ్లు దగ్గరై ద్వారం తెరుచుకునేది. 20వ శతాబ్దిలో రేడియో, టెలిఫోన్ ఇంజనీర్లు ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. 1948లో నార్బర్ట్ వీనర్ సైబర్నెటిక్స్ గ్రంథం ద్వారా యంత్రాలకూ జీవులకూ ఉమ్మడిగా వర్తించే భావనగా దానిని విస్తరించాడు.

తెలుగు విద్యాశాస్త్ర పాఠ్యగ్రంథాలలో దీనికి ‘పరిపుష్టి’ అనే పదం కనిపిస్తుంది. వ్యవహారంలో మాత్రం ‘ఫీడ్‌బ్యాక్’ అనే అంటారు. పరిపుష్టి అంటే సాధారణార్థంలో సమృద్ధి, బలం. ఆ అర్థచ్ఛాయలో పోషణ ఉన్నది కాని, తిరిగి రావడం లేదు. వాట్ గవర్నరులో ముఖ్యమైనది ఆ తిరిగి రావడమే. గుండ్లు ఎంత చక్కగా వేగాన్ని కొలిచినా, వాటికీ ఆవిరిద్వారానికీ మధ్యనున్న కడ్డీ తెగిపోతే యంత్రం మారదు. అప్పుడు అది కొలత మాత్రమే అవుతుంది.

1983లో అర్కల్‌గుడ్ రామప్రసాద్ నిర్వహణశాస్త్ర దృష్టితో ఇచ్చిన నిర్వచనం ఈ తేడాను స్పష్టం చేసింది. ఉన్న స్థాయికీ ఉండవలసిన స్థాయికీ మధ్య అంతరాన్ని తెలిపే సమాచారం, ఆ అంతరాన్ని మార్చడానికి ఉపయోగపడినప్పుడే పరిపుష్టి అవుతుందని ఆయన వాదన. 1989లో ఆస్ట్రేలియా విద్యావేత్త రాయిస్ శాడ్లర్ దీనిని తరగతి గదికి అన్వయించాడు. ఆయన ప్రకారం అభ్యాసకుడు మెరుగుపడాలంటే, మంచి పని ఎలా ఉంటుందో అతనికి తెలియాలి. తన పనిని దానితో పోల్చుకోగలగాలి. అంతరం తగ్గించే చర్య తానే చేపట్టాలి. ఈ మూడింటిలో ఉపాధ్యాయుని వ్యాఖ్య నేరుగా చేయగలిగేది ఒక్కటీ లేదన్నది గమనార్హం. అన్నీ అభ్యాసకుని మనసులో, చేతిలో జరగవలసినవే.

3. మూడంగుళాల గీత

సమాచారం ఎంత నిర్దిష్టంగా ఉండాలన్న ప్రశ్నకు 1932లో ట్రోబ్రిడ్జ్, కేసన్ జరిపిన ప్రయోగం ఇప్పటికీ చక్కని సమాధానం. కళ్లకు గంతలు కట్టుకున్నవారిని మూడంగుళాల గీత గీయమన్నారు. ఒక బృందానికి గీత తరువాత ఏమీ చెప్పలేదు. రెండో బృందానికి అర్థంలేని ఒక శబ్దం వినిపించారు. మూడో బృందానికి ‘సరి’ లేదా ‘తప్పు’ అన్నారు. నాలుగో బృందానికి గీత ఎంత ఎక్కువైందో, ఎంత తక్కువైందో అంగుళంలో ఎనిమిదో వంతు లెక్కన చెప్పారు. నాలుగో బృందం అందరికన్నా బాగా కుదురుకుంది. సరి–తప్పు విన్నవారు కొంతవరకు మెరుగుపడ్డారు. అర్థంలేని శబ్దం విన్నవారికి ఒరిగిందేమీ లేదు.

ఈ నాలుగు బృందాలనూ ఏ పాఠశాలలోనైనా గుర్తుపట్టవచ్చు. ఏ వ్యాఖ్యా లేకుండా సంతకం, తేదీ మాత్రమే ఉన్న నోటుపుస్తకం మొదటి బృందానిది. ‘ఇంకా కృషి చేయాలి’ అన్న వాక్యం రెండో బృందం విన్న శబ్దానికి ఎంతో దూరంలో లేదు; ఏ దిశలో, ఎంత కృషి అన్నది అందులో లేదు. టిక్కు, ఇంటూ గుర్తులు మూడో బృందానివి. నాలుగోది అరుదు.

అయితే ఈ ప్రయోగం నుండి ప్రతి గీతకూ కొలత చెప్పాలన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ శారీరక నైపుణ్యాల మీద చేసిన అధ్యయనంలో ప్రతి ప్రయత్నం తరువాతా ఫలితం తెలిసినవారికన్నా, సగం ప్రయత్నాల తరువాత మాత్రమే తెలిసినవారు తరువాతి పరీక్షలో నేర్చినదాన్ని మెరుగ్గా నిలుపుకున్నారు. ప్రతిసారీ చెప్పేవారుంటే నేర్చుకునేవాడు తన ఇంద్రియాలు ఇచ్చే సమాచారాన్ని వినడం మానేస్తాడని దీనికి వివరణ. సంగీతగురువు ప్రతి స్వరాన్నీ తానందిస్తూ పోతే శిష్యుని చెవి తయారుకాదు. శ్రుతిలో పడిందో లేదో ఒక్కోసారి శిష్యుడే తేల్చుకోవాలి.

4. మార్కు, వ్యాఖ్య, ప్రశంస

రూత్ బట్లర్ 1988లో ఇజ్రాయెల్‌లోని 5, 6 తరగతుల విద్యార్థులపై జరిపిన అధ్యయనం ఉపాధ్యాయులను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. కొందరికి వారి పనిపై వ్యాఖ్య మాత్రమే ఇచ్చారు. కొందరికి మార్కు మాత్రమే. కొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందినవారి ఆసక్తి, పనితీరు మెరుగుపడ్డాయి. మార్కు మాత్రమే అందినవారిలో ఆ మెరుగుదల లేదు. ఆశ్చర్యకరమైన సంగతి, రెండూ అందినవారిలోనూ లేదు. వ్యాఖ్య ఉన్నా మార్కు దానిని మింగేసింది. మార్కు చూసిన విద్యార్థి తరువాత చూసేది వ్యాఖ్యను కాదు, పక్కవాని మార్కును. జవాబుపత్రాలు పంచిన తరగతిలో రెండు నిమిషాలు నిలబడితే దీనికి వేరే రుజువు అక్కరలేదు.

1996లో క్లూగర్, డెనిసి అంతకుముందు వెలువడిన అధ్యయనాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. మొత్తం 607 ప్రభావ పరిమాణాలు, 23,663 పరిశీలనలు. సగటున పరిపుష్టి పనితీరును మెరుగుపరిచిందని (సగటు ప్రభావం 0.41) తేలింది. అయితే ఆ సగటు వెనుక మరో విషయం దాగి ఉంది: మూడోవంతుకు పైగా సందర్భాలలో పరిపుష్టి తరువాత పనితీరు తగ్గింది. వారు సూచించిన కారణం దృష్టికి సంబంధించినది. వ్యాఖ్య మనిషి దృష్టిని పని మీదికి మళ్లిస్తే పని బాగుపడుతుంది. తన మీదికి, అంటే ‘నేను ఎలాంటివాడిని, వీరి దృష్టిలో నా స్థానమేమిటి’ అన్న ఆలోచన మీదికి మళ్లిస్తే పనికి చెందవలసిన శక్తి ఆత్మరక్షణకు ఖర్చవుతుంది.

నింద విషయంలో ఇది అందరూ ఒప్పుకుంటారు. ప్రశంస విషయంలో ఒప్పుకోవడం కష్టం. 1998లో ముల్లర్, డ్వెక్ ప్రచురించిన ప్రయోగాలలో ఒక పని బాగా చేసిన పిల్లలలో కొందరిని తెలివైనవారని, కొందరిని బాగా శ్రమించారని మెచ్చుకున్నారు. తరువాత కష్టమైన పనిలో విఫలమైనప్పుడు తెలివితేటల ప్రశంస పొందినవారే ఎక్కువగా కుంగిపోయారు. వారి పట్టుదల, ఆనందం, పనితీరు తగ్గాయి. ‘వీడు ఏకసంథాగ్రాహి’ అని నలుగురిలో చెప్పడం పిల్లవానికి కిరీటం పెట్టినట్లే కనిపిస్తుంది. తరువాత ఆ కిరీటం పడిపోకుండా తల కదపకపోవడమే వాని పని అవుతుంది.

హాటీ, టింపర్లీ 2007లో పరిపుష్టిని పని, ప్రక్రియ, స్వీయనియంత్రణ, వ్యక్తి అనే నాలుగు స్థాయిలుగా విభజించి వ్యక్తిస్థాయి వ్యాఖ్యను అన్నింటికన్నా నిష్ఫలమైనదిగా నిర్ధారించారు. వారు పేర్కొన్న సగటు ప్రభావం 0.79. హాటీ స్వయంగా భాగస్వామిగా 2020లో 435 అధ్యయనాలతో చేసిన పునర్విశ్లేషణలో ఆ సగటు 0.48కి తగ్గింది, అందులో సమాచారం అధికంగా ఉన్న వ్యాఖ్యల ప్రభావం ఎక్కువని తేలింది. తన వాదాన్ని తానే దిద్దుకున్న సందర్భంగానూ దీనిని చూడవచ్చు.

5. ఒక లేఖ, నాలుగు దిద్దుబాట్లు

తెలుగు వాచకాలలో లేఖారచన ఒక సాధారణమైన అభ్యాసం. ఎనిమిదో తరగతి విద్యార్థి తన వీధిలో దీపాలు వెలగడం లేదని పురపాలక కమిషనరుకు లేఖ రాశాడనుకుందాం. అందులో ప్రధానభాగం ఇలా ఉంది:

‘మా విధిలో దీపాలు వెలగడం లేదు. రాత్రిపూట చాలా ఇబ్బందిగా ఉంది. మా విధిలో వాళ్లందరూ బాధ పడుతున్నారు. కావున మీరు తొందరగా చర్య తీసుకోగలరు.’

దీనిని దిద్దే తీరు నాలుగు విధాలుగా ఉండవచ్చు. పదికి ఆరు వేసి సంతకం చేయడం ఒకటి. ‘ఇంకా బాగా రాయాలి’ అని రాయడం మరొకటి. ‘విధి’ని రెండుచోట్లా ‘వీధి’ చేసి, ‘బాధ పడుతున్నారు’ను కలిపి, నాలుగో వాక్యానికి ‘దయచేసి’ చేర్చి లేఖను శుభ్రపరచడం మూడోది. శ్రద్ధగల ఉపాధ్యాయులు ఎక్కువగా చేసేది ఈ మూడోదే; అత్యధిక శ్రమ కూడా దీనికే. కాని ఇందులో దిద్దినది ఉపాధ్యాయుడు. విద్యార్థికి మిగిలింది ఎర్రసిరాను చూడడమో, సరైన రూపాన్ని పదిసార్లు ఇంపోజిషన్ రాయడమో. పైగా అన్నీ సవరించాక కూడా లేఖ పనిచేయదు. ఆ లేఖ అందుకున్న అధికారికి మనుషులను ఏ వీధికి, ఏ స్తంభం దగ్గరకు పంపాలో తెలియదు. అక్షరదోషాల మీద పడ్డ ఎర్రసిరా అసలు లోపాన్ని కప్పేసింది.

నాలుగో విధానంలో ఉపాధ్యాయుడు నాలుగే వాక్యాలు రాస్తాడు: ‘ఈ లేఖ చదివిన అధికారి రేపు పొద్దున మనిషిని పంపాలనుకుంటే ఎక్కడికి పంపాలో తెలుస్తుందా? తెలిసేలా రెండు వాక్యాలు చేర్చు. ఒకే పదం రెండుచోట్ల తప్పుపడింది. పైకి చదివితే దొరుకుతుంది.’

ఈ వ్యాఖ్యలో తప్పు ఎక్కడుందో పూర్తిగా చెప్పలేదు. అలాగని గాలికి వదిలేయనూ లేదు. మొదటి వాక్యం లేఖ ప్రయోజనాన్ని గుర్తుచేస్తుంది, అంటే శాడ్లర్ చెప్పిన ప్రమాణాన్ని విద్యార్థి ముందుంచుతుంది. రెండో వాక్యం పని చెబుతుంది. మూడోది ‘విధి’, ‘వీధి’ తేడాను వాని చెవికే అప్పగిస్తుంది. తెలుగులో హ్రస్వదీర్ఘ భేదం అర్థభేదకం కనుక ఇది చెవికి పట్టే తప్పు. తన వీధికి పట్టిన విధిని చదువుకొని విద్యార్థి నవ్వుకున్నా నష్టం లేదు, ఆ తప్పు మళ్లీ చేయడు. శ/ష/స, ణ/న, ళ/ల విషయంలో మాత్రం ఈ పద్ధతి అంతగా ఫలించదు. చాలామంది ఉచ్చారణలో ఆ తేడా సరిగా లేదు గనుక పైకి చదివితే దొరకదు. అక్కడ సరైన రూపం చూపించడమే న్యాయం. ఏ తప్పును దిద్దాలి, దేనిని దిద్దించాలి అనే వివేకం భాషోపాధ్యాయునికి తన విషయజ్ఞానం నుండే రావాలి.

ఇక్కడ ఒక సహజమైన అభ్యంతరం ఎదురవుతుంది: ఇంత సమయం ఎక్కడిది? ఒక ఉపాధ్యాయునికి నలభై మంది చొప్పున మూడు తరగతులుంటే 120 నోటుపుస్తకాలు. పుస్తకానికి మూడు నిమిషాలు వెచ్చిస్తే ఆరు గంటలు. వారం వారం ఇది సాధ్యం కాదు. అభ్యంతరం సరైనదే. కాని అది వర్తించేది ప్రధానంగా మూడో పద్ధతికి. ప్రతి పుస్తకంలో ప్రతి తప్పునూ దిద్ది, ఎవరూ చదవని ఎర్రసిరాకు ఆరు గంటలు పోయడంకన్నా, వారానికి ముప్పై పుస్తకాలను నిదానంగా చదివి, నాలుగు వారాలలో అందరినీ చుట్టివచ్చి, మిగిలిన వారాలలో పిల్లలు ఒకరి లేఖను ఒకరు ‘అధికారి’గా చదివేలా చేయడం మేలు. తోటివాని లేఖలో చిరునామా లేదని పట్టుకున్న పిల్లవాడు తన లేఖను మళ్లీ తిప్పి చూడకుండా ఉండలేడు. తనిఖీకి వచ్చినవారు ప్రతి పుటలోనూ ఎర్రసిరా వెతికితే ఈ ఏర్పాటు నిలవదన్నదీ నిజమే. అది పాలనాపరమైన చిక్కు, బోధనాపరమైనది కాదు.

6. ఇంటి భాష మీద ఎర్రసిరా

భాషాబోధనలో దిద్దుబాటుకు మరే పాఠ్యవిషయంలోనూ లేని ఒక ప్రమాదం ఉంది. లెక్క తప్పయితే లెక్క తప్పు. మాట తప్పంటే ఆ మాట నేర్పిన తల్లి తప్పు. తెలంగాణ విద్యార్థి ‘మా నాయన వచ్చిండు’ అని రాస్తే దానికి సున్నా చుట్టి ‘వచ్చాడు’ అని దిద్దడం చాలాకాలంగా జరుగుతున్నదే. ఉత్తరాంధ్ర, రాయలసీమ పిల్లల మాటలకూ ఈ గతి పట్టింది. ‘వచ్చిండు’ అక్షరదోషం కాదు, వ్యాకరణదోషం కాదు. మరొక ప్రాంతపు సక్రమమైన క్రియారూపం. దానిని ‘విధి/వీధి’ తప్పుతో ఒకే ఎర్రసిరాలో కలపడం వల్ల విద్యార్థి దృష్టి పని నుండి తన మీదికి, తన ఇంటి మీదికి మళ్లుతుంది. క్లూగర్, డెనిసి వర్ణించిన నష్టం ఇక్కడ పూర్తిగా సంభవిస్తుంది. అటువంటి పిల్లలు తరువాతి కాలంలో తప్పులు తక్కువగా రాయవచ్చు. రాయడమే తక్కువగా చేస్తారు గనుక.

అందుకని అధికారిక లేఖలో ఏ రూపం వాడుకలో ఉందో చెప్పకుండా ఊరుకోవడమూ విద్యార్థికి మేలు చేయదు. ‘ఇంట్లో వచ్చిండు అంటాం. కథలో పాత్ర మాట్లాడితే అలాగే రాయి. అధికారికి రాసే లేఖలో వచ్చాడు అనే రూపం వాడుతున్నారు’ అన్న వ్యాఖ్య తప్పు–ఒప్పుల ప్రశ్నను సందర్భం ప్రశ్నగా మారుస్తుంది. కోయ, గోండి, సవర, బంజారా భాషలు ఇంట మాట్లాడే పిల్లలకు తెలుగు రెండో భాష. వారి వాక్యాలలో కనిపించే లింగ, వచన వ్యత్యాసాల వెనుక మాతృభాష నియమం ఉండే అవకాశం ఎక్కువ. రెండో భాష రచనలో వ్యాకరణ దిద్దుబాటు అసలు ఉపయోగపడుతుందా అన్న వివాదం ఆంగ్లబోధన రంగంలో ఉంది. 1996లో ట్రస్కాట్ అది నిష్ఫలమే కాక హానికరమని వాదించగా, 1999లో డానా ఫెరిస్ ఎంపికచేసి, స్పష్టంగా చేసే దిద్దుబాటుకు ఫలముంటుందని బదులిచ్చింది. ఆ వివాదం ఎలా ముగిసినా, ఒకేసారి అన్ని తప్పులూ దిద్దాలన్న పట్టుదలను మాత్రం ఇద్దరిలో ఎవరూ సమర్థించలేదు.

7. సూక్ష్మబోధన చెప్పిన సంగతి

తెలుగునాట ఉపాధ్యాయశిక్షణ పొందిన ప్రతివారికీ సూక్ష్మబోధన పరిచయమే. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్ బృందం రూపొందించిన ఈ పద్ధతికి భారతీయ నమూనాలో ఒక చక్రం 36 నిమిషాలు: బోధన 6, పరిపుష్టి 6, పునఃప్రణాళిక 12, పునఃబోధన 6, పునఃపరిపుష్టి 6. పరీక్షలలో ఈ అంకెలు బిట్లుగా అడుగుతారు కాబట్టి అందరికీ కంఠతా వచ్చు. వాటి నిష్పత్తిని మాత్రం అంతగా గమనించరు. వ్యాఖ్య చెప్పడానికి 6 నిమిషాలు. విన్నవారు దానితో ఏం చేయాలో ఆలోచించుకోవడానికి 12. అంటే ఇచ్చేవారికన్నా అందుకున్నవారికి రెట్టింపు సమయం. తరువాత అదే నైపుణ్యాన్ని మళ్లీ ప్రయత్నించే అవకాశం కూడా అదే చక్రంలో ఉంది.

ఇదే శిక్షణ పొందిన ఉపాధ్యాయుని తరగతిలో కాంపోజిషన్ పుస్తకాలు పంచిన రోజును దీని పక్కన పెట్టి చూడవచ్చు. పుస్తకాలు పంచగానే తరువాతి పాఠం మొదలవుతుంది. పునఃప్రణాళికకు సమయం సున్నా, పునఃరచన లేదు. తరువాతి లేఖ మరో విషయం మీద, మరో నెలలో. వాట్ గవర్నరులో తెగిపోయిన కడ్డీ ఇదే.

విద్యాహక్కు చట్టం, 2009లోని 29వ సెక్షన్ పిల్లల అవగాహనను సమగ్రంగా, నిరంతరంగా మూల్యాంకనం చేయాలంటుంది. నిర్మాణాత్మక మూల్యాంకనం తెలుగు రాష్ట్రాల పాఠశాలలలో స్థిరపడింది. దాని ఉద్దేశం నేర్చుకుంటూ ఉండగానే లోపం తెలుసుకొని సవరించుకోవడం. ఆచరణలో అది కూడా మార్కుగా రిజిస్టరులో నమోదయ్యే మరో పరీక్షగా మారింది. మార్కు చేరిన చోట వ్యాఖ్య గతి ఏమవుతుందో బట్లర్ చూపించింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతిపాదించిన సమగ్ర ప్రగతి పత్రంలో స్వీయ మూల్యాంకనానికి, తోటివారి మూల్యాంకనానికి చోటు కల్పించారు. అది పత్రంలో మరో గడి నింపడంగా మిగులుతుందా, మళ్లీ రాసే సమయంగా మారుతుందా అన్నది కాలపట్టిక నిర్ణయిస్తుంది. వారంలో ఒక పీరియడును కొత్త పాఠానికి కాక, దిద్దిన పనిని తిరిగి చేయడానికి కేటాయించనంతకాలం ఏ పత్రమూ పనిచేయదు.

8. అందుకునేవారి పని

ఇంతవరకు చెప్పినది ఇచ్చేవారి వైపునుండి. 2018లో కార్లెస్, బౌడ్ పరిపుష్టిని అందుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని, దానికి ఒక అక్షరాస్యత ఉందని వివరించారు. వ్యాఖ్య విలువ గుర్తించడం, పని నాణ్యతను తానే బేరీజు వేయగలగడం, కలిగిన ఉద్వేగాన్ని నిభాయించుకోవడం, చివరికి చర్య తీసుకోవడం – వారు చెప్పిన అంశాలు. వీటిలో ఉద్వేగానిది తక్కువ స్థానమేమీ కాదు. గురజాడ అప్పారావు 1910లో రాసిన ‘దిద్దుబాటు’ కథలో కమలిని భర్తకు నీతిబోధ చేయదు. ఒక ఉత్తరం రాసిపెట్టి కనబడకుండా పోతుంది. గోపాలరావు తన తప్పును తన నోటితోనే చెప్పుకునే అవకాశం అతనికి దొరుకుతుంది. ఎదురుగా నిలబడి నిలదీసి ఉంటే అతడు వాదించి ఉండేవాడు.

పరిశోధక విద్యార్థుల విషయంలో ఇది రోజూ కనిపించేదే. సమీక్షకుల వ్యాఖ్యలతో వ్యాసం తిరిగివచ్చిన రోజున మనసులో మొదట పుట్టేది జవాబు, సవరణ కాదు. ఆ జవాబును ఆ రోజు పంపకపోవడం మంచిది. రెండు రోజుల తరువాత వ్యాఖ్యలను ఒక్కొక్కటిగా కాగితం మీద విడదీసి రాసుకుంటే, అవి వేర్వేరు రకాలన్న సంగతి బయటపడుతుంది. తేదీ తప్పు, ఆధారం లేని ప్రస్తావన, ముద్రణదోషం వంటివి చర్చ లేకుండా సవరించవచ్చు. చిక్కంతా మరో రకంతో: ‘సమీక్షకులు నా మాట అర్థం చేసుకోలేదు’ అనిపించే వ్యాఖ్యలు. చాలామంది వీటిని తోసిపుచ్చుతారు. నిజానికి ఇవే అత్యంత విలువైనవి. విషయం తెలిసి, శ్రద్ధగా చదివిన పాఠకుడు ఒక పేరాను అపార్థం చేసుకున్నాడంటే, అపార్థం అతనిదే అయినా, దానికి తావిచ్చిన వాక్యం రచయితది. సమీక్షకుడు సూచించిన మార్పు సరైనది కాకపోవచ్చు. అతను ఆగిన చోటు మాత్రం సాధారణంగా సరైనదే. ఒకరు సిద్ధాంతభాగం తగ్గించమంటే, మరొకరు పెంచమంటే ఇద్దరినీ పరస్పర విరుద్ధులుగా చూడనవసరం లేదు. ఆ భాగం మిగతా వ్యాసంతో అతకలేదని ఇద్దరూ చెబుతున్నట్టే.

విభేదించే హక్కు రచయితకు ఎప్పుడూ ఉంటుంది. కాకపోతే ఎందుకు మార్చలేదో సంపాదకునికి నాలుగు వాక్యాలలో కారణం రాయగలగాలి. అలా రాయబోయినప్పుడు కారణం దొరకకపోవడం అరుదైన అనుభవం కాదు. పర్యవేక్షకులైన ఆచార్యులు కూడా తమ విద్యార్థి అధ్యాయాన్ని తామే తిరగరాసి ఇవ్వడం కన్నా, ‘ఈ పేరా ఏ ప్రశ్నకు జవాబు?’ అని అంచున రాసి ఇవ్వడం వల్ల అధ్యాయం ఆలస్యం కావచ్చు. తిరగరాసి ఇచ్చిన అధ్యాయం త్వరగా పూర్తవుతుంది. తరువాతి అధ్యాయంలో అదే పేరా అదే లోపంతో మళ్లీ ఆచార్యుల బల్ల మీదికి వస్తుంది.